కంచే చేను మేస్తే: బొల్లి వెనుక మన ఒంటి కాపలాదారుల కథ

మన గోడపత్రికలో మామూలుగా ఒక పద్యానికి వివరణో, సామెతల సేకరణో, ఒక కవి పరిచయమో వస్తుంటుంది. ఈసారి నేను చర్మం గురించి రాస్తున్నాను. తెలుగు విభాగానికీ చర్మానికీ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. నాకు ఆ సంబంధం ఒక మాట దగ్గర దొరికింది.

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మ కూతురికి పెళ్లిచూపులయ్యాయి. అక్కకు చేతివేళ్ల మీద, మోచేతి దగ్గర తెల్లమచ్చలు ఉన్నాయి. వచ్చినవాళ్లు చాయ్ తాగిండ్రు, మంచిగనే మాట్లాడిండ్రు. ఇంటికి పోయినంక మధ్యవర్తితో "పిల్లకు శ్వేత కుష్ఠమట గదా, మాకు వద్దు" అని చెప్పి పంపిండ్రు. ఆ రాత్రి అక్క ఏడవలేదు. "కుష్ఠం అంటే ఏందే? నాకున్నది అదేనా?" అని మాత్రం నన్ను అడిగింది. తెలుగు చదువుకుంటున్నదాన్ని, పదాల సంగతి నాకు తెలుసని ఆమె నమ్మకం. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ తర్వాత సైన్సు విభాగం స్నేహితులను అడిగి, లైబ్రరీలో కూర్చుని చదివి, తెలుసుకున్నదంతా ఇక్కడ పాఠంలా రాస్తున్నాను. అక్కకు ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇది.

1. ముందు పేరు సంగతి

బొల్లి మనకు పాతమాటే. ఒంటి మీద తెల్లమచ్చలున్న ఆవును బొల్లి ఆవు అంటాం. పల్లెలో బొల్లి ఆవును చూసి ఎవరూ దూరం జరగరు, పాలు పితుక్కుంటారు. అదే మాట మనిషికి తగిలేసరికి తిట్టయిపోతుంది. సంస్కృతంలో దీన్ని శ్విత్రమనీ, కిలాసమనీ అన్నారు. కిలాసాన్ని పోగొట్టమని మూలికలను వేడుకునే సూక్తాలు అథర్వవేదంలోనే ఉన్నాయి. అంటే ఇది నిన్నామొన్నా పుట్టిన జబ్బు కాదు. డాక్టర్లు విటిలిగో అంటారు, ల్యూకోడెర్మా అని కూడా రాస్తారు. మన చంద్రపూర్‌లో మరాఠీవాళ్లు "కోడ్" అంటారు. మరాఠీలో దీనికి దగ్గరగా వినిపించే మరో మాట "కోడే", అంటే పొడుపుకథ. బొల్లి కూడా చాలాకాలం డాక్టర్లకు పొడుపుకథలాగే ఉండింది.

ఇక "శ్వేత కుష్ఠం". భాషాశాస్త్రం పాఠంలో అర్థసంకోచం గురించి చదువుకున్నాం కదా. ఒకప్పుడు "చీర" అంటే ఎవరు కట్టుకున్నా బట్టే, ఇప్పుడు ఆడవాళ్లు కట్టుకునేది మాత్రమే. "కుష్ఠం" కూడా అలాంటిదే. ఆయుర్వేద గ్రంథాల్లో కుష్ఠం అంటే ఒకే జబ్బు కాదు, రకరకాల చర్మరోగాలకు కలిపి పెట్టిన పేరు. కాలం గడిచేకొద్దీ ఆ మాట ఒక్క కుష్ఠురోగానికే మిగిలింది. పాత అర్థం పోయింది గాని, పాత పేరు "శ్వేత కుష్ఠం" మాత్రం జనం నోట అలాగే ఉండిపోయింది. ఒక మాట అర్థం కుంచించుకుపోయినందుకు ఒక ఆడపిల్ల సంబంధం తప్పిపోయిందంటే, మనం చదివే పాఠాలు బతుకుకు ఎంత దగ్గరో చూడండి.

2. చర్మానికి రంగు ఎలా వస్తుంది?

మన చర్మం పైపొరలో అట్టడుగు వరుసలో మెలనోసైట్లు అనే కణాలుంటాయి. వీటిని రంగు కణాలు అందాం. పిండం ఎదిగే దశలో, నాడీవ్యవస్థకు మూలమైన చోటు నుంచే ఇవి బయలుదేరి చర్మంలోకి వచ్చి స్థిరపడతాయి. చూడడానికి సాలీడులాగా కాళ్లు చాపుకుని ఉంటాయి. ఒక్కో రంగు కణం తన చుట్టూ ఉన్న సుమారు 36 మామూలు చర్మకణాలకు రంగు పంచుతుంది. ఆ మామూలు కణాల పేరు కెరటినోసైట్లు.

రంగు కణంలో టైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టైరోసిన్ అనే పదార్థాన్ని మెలనిన్‌గా మార్చే పని మొదలుపెడుతుంది. తయారైన మెలనిన్‌ను రంగు కణం చిన్నచిన్న సంచుల్లో నింపి పక్క కణాలకు అందిస్తుంది. అవి ఆ రంగును తమ కేంద్రకం మీద గొడుగులాగా కప్పుకుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి డీఎన్‌ఏను పాడుచేయకుండా ఆపేది ఈ గొడుగే.

ఇంకో సంగతి. నల్లటి మనిషికీ, తెల్లటి మనిషికీ రంగు కణాల లెక్కలో పెద్ద తేడా ఉండదు. అవి ఎంత మెలనిన్ తయారుచేస్తున్నాయి, ఎలా పంచుతున్నాయి అన్నదానిలోనే తేడా.

బొల్లిలో ఏం జరుగుతుందంటే, ఒకచోట ఈ రంగు కణాలే చనిపోయి లేకుండాపోతాయి. అందుకే మచ్చ పాలలాగా తెల్లగా, అంచు స్పష్టంగా కనబడుతుంది. పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉండే ఆల్బినిజం వేరు. అందులో కణాలు ఉంటాయి, రంగు తయారు కాదు. వానాకాలంలో, చెమట రోజుల్లో వచ్చే శోభి మచ్చలు కూడా వేరు. వాటికి కారణం ఒక ఫంగస్, మందు రాస్తే తగ్గుతుంది.

మరి రంగు కణాలను చంపుతున్నది ఎవరు?

3. మన ఒంటి కాపలాదారులు

శరీరంలోకి చొరబడే సూక్ష్మజీవులతో పోరాడడానికి రోగనిరోధక వ్యవస్థ ఉంది. దానిలో రెండు దళాలు. మొదటిది పుట్టుకతో వచ్చేది. ఏ అలజడి వినబడినా వెంటనే పరుగెత్తుతుంది, ఫలానా శత్రువు అని చూడదు. రెండోది నేర్చుకునే దళం. శత్రువు ముఖం గుర్తుపట్టి, వాడినే వెతికి కొడుతుంది, తర్వాత జ్ఞాపకం పెట్టుకుంటుంది. చిన్నప్పుడు ఒకసారి ఆటలమ్మ పోసినవాళ్లకు మళ్లీ మళ్లీ పోయదు కదా, ఆ జ్ఞాపకమే కారణం. టీకాలు పనిచేసేది కూడా దీనివల్లనే.

ఈ రెండో దళంలో ముఖ్యమైనవి టి-కణాలు. ఛాతీలో గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథి వీటికి బడి. అక్కడ ఒక పరీక్ష జరుగుతుంది. సొంత శరీరం మీద గట్టిగా తిరగబడే టి-కణాలను అక్కడే తొలగించేస్తారు. కాని ఏ పరీక్షలోనైనా కొందరు తప్పించుకున్నట్టే, ఇక్కడా కొన్ని బయటపడతాయి. వాటిని అదుపులో పెట్టడానికి నియంత్రణ టి-కణాలని మరో రకం ఉంది. ఈ అదుపు సడలితే కాపలాదారులు సొంత ఇంటి మీదనే పడతారు. ఇలా వచ్చే జబ్బులను ఆటోఇమ్యూన్ వ్యాధులంటారు. థైరాయిడ్ జబ్బుల్లో చాలావరకు, పిల్లల్లో వచ్చే టైప్ 1 మధుమేహం ఈ కోవలోవే. బొల్లి కూడా అంతే. మన పెద్దలు "కంచే చేను మేసినట్టు" అన్నది ఇలాంటిదాన్ని చూసే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. "ఇమ్యూనిటీ తక్కువై మచ్చలొచ్చినయ్, బలం మందులు తాగియ్యుండ్రి" అని చాలామంది అంటారు. బొల్లి ఉన్నవాళ్లకు రోగనిరోధక శక్తి తక్కువ అనడం సరికాదు. జలుబు, జ్వరాలతో వాళ్లు అందరిలాగానే పోరాడతారు. బలం ఉంది, గురి తప్పింది. అంతే తేడా.

4. దాడి జరిగే వరుస

మొదటి మెట్టు: రంగు కణం ఒత్తిడికి లోనవుతుంది. మెలనిన్ తయారీ రసాయనాల పని. ఆ పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి దెబ్బతీసే పదార్థాలు పుడుతుంటాయి. మామూలుగా కణం వాటిని సర్దుకుంటుంది. బొల్లి వచ్చేవాళ్లలో రంగు కణాలు ఈ ఒత్తిడిని తట్టుకోవడంలో వెనకబడి ఉంటాయి.

రెండో మెట్టు: ఒత్తిడిలో పడిన కణం ప్రమాద సంకేతాలు పంపుతుంది. హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రొటీన్ బయటికి రావడం అలాంటి ఒక సంకేతం. ఇల్లు కాలుతుంటే పొగ బయటికి వచ్చినట్టు. ఈ పొగ చూసి మొదటి దళం వస్తుంది.

మూడో మెట్టు: వచ్చినవాటిలో డెండ్రిటిక్ కణాలుంటాయి. ఇవి రంగు కణం తాలూకు ప్రొటీన్ ముక్కలను తీసుకుని లింఫ్ గ్రంథుల దాకా మోసుకుపోతాయి. "ఇదిగో, గొడవ జరిగినచోట ఇది దొరికింది" అని టి-కణాలకు చూపిస్తాయి. టైరోసినేజ్, మార్ట్-1, జీపీ100 అలా చూపించబడే ప్రొటీన్లు. మూడూ రంగు తయారీ పనిలో ఉండేవే.

నాలుగో మెట్టు: థైమస్ పరీక్షలో తప్పించుకున్న సీడీ8 అనే రకం టి-కణాలు ఆ ముక్కలను శత్రువు ముఖాలుగా గుర్తుపట్టి, చర్మంలోకి వస్తాయి. ఇవి చంపే కణాలు. రంగు కణాన్ని వెతికి చంపుతాయి. అదే సమయంలో ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతాయి.

ఐదో మెట్టు అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఇంటర్‌ఫెరాన్ చుట్టుపక్కల కెరటినోసైట్ల తలుపు తడుతుంది. తలుపు లోపల జాక్ అనే ప్రొటీన్లు ఉంటాయి. అవి కబురందుకుని కేంద్రకం దాకా చేరవేస్తాయి. దాంతో కెరటినోసైట్లు సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే పిలుపు రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ పిలుపు విని రక్తంలో తిరిగే మరిన్ని సీడీ8 కణాలు అక్కడికే వస్తాయి. అవి మళ్లీ ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి, మళ్లీ పిలుపు. ఇది తిరుగుతూనే ఉండే చక్రం. మచ్చ అంచు నెమ్మదిగా బయటికి జరుగుతూ పెద్దదయ్యేది ఇందుకే. రంగు పంచుకున్న ఇరుగుపొరుగు కణాలే, తెలియక, దాడి చేసేవాళ్లను పిలుస్తున్నాయన్నమాట.

5. ఇదంతా ఎలా తెలిసింది?

పాఠంలో ఉంది గనక నమ్మాలి అనుకోకుండా, రుజువులు కూడా చూద్దాం.

మొదటి రుజువు: మచ్చ అంచున ఉన్న చర్మాన్ని తీసి చూస్తే సీడీ8 కణాలు గుమిగూడి కనిపించాయి. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. రోగి మచ్చ అంచు నుంచి టి-కణాలను తీసి, అదే మనిషి మచ్చలేని చర్మపు ముక్కతో కలిపి ఉంచారు. ఆ టి-కణాలు అక్కడి రంగు కణాలను చంపేశాయి. అంతకుముందు రక్తంలో దొరికిన యాంటీబాడీల మీద ఎక్కువ అనుమానం ఉండేది. ఇప్పుడు అసలు పాత్ర టి-కణాలదే అని తేలింది.

రెండో రుజువు క్యాన్సర్ వార్డు నుంచి వచ్చింది. మెలనోమా అంటే రంగు కణాలకే వచ్చే క్యాన్సర్. దానికి టి-కణాలను ఉసిగొల్పే మందులు ఇస్తారు. అలా ఇచ్చినప్పుడు కొందరు రోగులకు బొల్లిలాంటి తెల్లమచ్చలు వస్తాయి. మచ్చలు వచ్చినవాళ్లలో మందు బాగా పనిచేస్తున్నట్టు డాక్టర్లు గమనించారు. ఒకచోట శాపమనుకున్నది ఇంకోచోట శుభశకునమైంది.

మూడో రుజువు మందు. జాక్ ప్రొటీన్లను అడ్డుకుంటే పైన చెప్పిన చక్రం ఆగాలి కదా. నిజంగానే ఆగింది. ఆ సంగతి వైద్యం దగ్గర చెప్తాను.

6. కొందరికే ఎందుకు?

ప్రపంచంలో నూటికి అర నుంచి ఒక్కరి దాకా బొల్లి ఉంటుందని అంచనా. ఆడా మగా తేడా లేదు, రంగూ జాతీ తేడా లేదు. దాదాపు సగం మందిలో 20 ఏళ్లలోపే మొదలవుతుంది. అంటే మన వయసులోనే.

వంశపారంపర్యమా అన్నది పెళ్లి మాటల్లో మొదట వచ్చే ప్రశ్న. జన్యువుల పాత్ర ఉంది. బొల్లితో సంబంధమున్న జన్యు స్థానాలను దాదాపు 50 దాకా గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం రోగనిరోధక వ్యవస్థకు చెందినవే. కాని జన్యువులొక్కటే కారణమైతే అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వస్తే ఇద్దరికీ రావాలి. అధ్యయనంలో చూస్తే నూటికి 23 జంటల్లోనే ఇద్దరికీ వచ్చింది. మామూలు తోబుట్టువులలో వచ్చే అవకాశం సుమారు 6 శాతం. అంటే నూటికి 94 మందికి రాదు. జన్యువులు పొలం లాంటివైతే, విత్తనం ఇంకేదో పడాలి.

ఆ విత్తనాల్లో రెండు మనకు చాలా దగ్గరివి. మొదటిది కొన్ని రసాయనాలు. ఫీనాల్ జాతి రసాయనాలు కొన్ని టైరోసిన్‌ను పోలి ఉంటాయి. రంగు కణం పొరబడి వాటిని లోపలికి తీసుకుని, ఒత్తిడిలో పడుతుంది. 1939లో అమెరికాలోని ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు తొడుగులు వేసుకున్న కార్మికుల చేతులు తెల్లబడ్డాయి. రబ్బరులో కలిపిన రసాయనమే కారణమని తేలింది. 2013లో జపాన్‌లో చర్మం తెల్లబడడానికి అమ్మిన క్రీములు వాడి వేలమంది మచ్చల పాలయ్యారు. మన దేశంలో డాక్టర్లు తరచుగా చూసేది స్టిక్కర్ బొట్టు. బొట్టు వెనక ఉండే జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫీనాల్ అనే రసాయనం ఉండవచ్చు. రోజూ ఒకేచోట పెట్టుకుంటే కొందరికి సరిగ్గా బొట్టంత తెల్లమచ్చ వస్తుంది. జుట్టు రంగులు, రబ్బరు చెప్పులు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. బొట్టు కింద దురదగానీ, రంగు తగ్గడంగానీ కనబడితే వెంటనే ఆ స్టిక్కర్ మానేసి కుంకుమకు మారడం మంచిది. దానితోనే దురద వస్తే కొన్నాళ్లు అదీ మానేయాలి.

రెండోది ఒరిపిడి, గాయం. బొల్లి గుణం ఉన్నవాళ్లకు గీసుకున్నచోట, నొక్కుకున్నచోట కొత్తమచ్చ పుడుతుంది. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. లంగా బొందు బిగించే నడుము మీద, చెప్పు పట్టీ తగిలే పాదం మీద మచ్చలు వరుసగా రావడం ఇందుకే. బొందు వదులుగా, వెడల్పుగా కట్టుకోవడం చిన్న జాగ్రత్తే, కాని పనికొస్తుంది.

7. వైద్యం: చక్రాన్ని ఎక్కడ ఆపాలి?

పైన చెప్పిన మెట్లు గుర్తుంటే వైద్యం సులభంగా అర్థమవుతుంది. చేయాల్సినవి రెండు పనులు. దాడిని ఆపాలి, పోయిన కణాలను తిరిగి నాటాలి.

దాడిని ఆపడానికి స్టెరాయిడ్ పూతలు, టాక్రోలిమస్ పూత ఉన్నాయి. రెండూ టి-కణాలను శాంతింపజేస్తాయి. మచ్చలు వేగంగా పాకుతుంటే వారంలో వరుసగా రెండు రోజులే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని 1993లో ప్రచురించినది మన దేశపు డాక్టర్లే. అయితే స్టెరాయిడ్ పూతను మెడికల్ షాపులో సొంతంగా కొని నెలలకొద్దీ రాసుకోకూడదు. చర్మం పలచబడిపోతుంది.

కాంతి చికిత్స రెండు పనులూ చేస్తుంది. 311 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతిని వారానికి రెండుమూడు సార్లు, నెలల తరబడి ఇస్తారు. అది టి-కణాలను అణచి, వెంట్రుక కుదుళ్లలో దాగిన రంగు మూలకణాలను నిద్రలేపుతుంది. చర్మం మీద కణాలన్నీ పోయినా, కుదుళ్లలో కొన్ని బతికి ఉంటాయి. అవి మొలకల్లాగా పైకి వస్తాయి. అందుకే తగ్గే మచ్చలో ముందు చిన్నచిన్న గోధుమరంగు చుక్కలు కనబడి, తర్వాత ఒకదానితో ఒకటి కలుస్తాయి. పెదవుల మీద, వేలికొసల మీద వెంట్రుకలుండవు గనక అక్కడ రంగు రావడం కష్టం. మచ్చలోని వెంట్రుకలే తెల్లబడితే అక్కడా కష్టమే.

ఈ కాంతి ఆలోచన కూడా పాతదే. మన దేశంలో బావంచాల గింజలు నూరి రాసి ఎండలో నిలబడేవారు. ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది, అది చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తుంది. 1940ల్లో ఈజిప్టులో డాక్టర్ ఎల్ మోఫ్తీ అలాంటి పదార్థాన్నే వేరొక మొక్క నుంచి తీసి బొల్లికి వాడారు. కాని చంద్రపూర్ మే నెల ఎండలో బావంచాలు రాసుకుని నిలబడితే బొబ్బలెక్కడం ఖాయం. కొలత లేని మందు మందు కాదు.

కొత్తమందు ఐదో మెట్టును పట్టుకుంటుంది. జాక్ ప్రొటీన్లను అడ్డుకునే రుక్సోలిటినిబ్ పూతకు 2022 జూలైలో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. 12 ఏళ్లు దాటినవాళ్లకు వాడవచ్చు. పరీక్షల్లో 24 వారాలకు సుమారు 30 శాతం మందికి ముఖం మీది మచ్చల్లో కనీసం 75 శాతం మేర రంగు తిరిగి వచ్చింది. ఇది అద్భుతం కాదు, అందరికీ పనిచేయదు. కాని జబ్బు మూలాన్ని అర్థం చేసుకుని వాడుతున్న మందు ఇది.

మచ్చలు ఏడాదికి పైగా కదలకుండా ఉంటే శస్త్రచికిత్స చేయవచ్చు. మంచి చర్మం నుంచి రంగు కణాలను తీసి మచ్చ మీద నాటుతారు. నారు పోసి నాట్లు వేసినట్టే. మచ్చలు పాకుతున్నప్పుడు మాత్రం చేయకూడదు. కంచె ఇంకా చేను మేస్తుంటే నాట్లు వేసి ఏం లాభం?

ఒక కష్టం మిగిలే ఉంది. మందు ఆపిన ఏడాదిలో సుమారు 40 శాతం మందికి పాత చోటనే మచ్చ మళ్లీ వస్తుంది. ఆటలమ్మను గుర్తుపెట్టుకున్న శక్తే ఇక్కడా పనిచేస్తుంది. కొన్ని టి-కణాలు చర్మంలోనే కాపురముండి, పాత పగను గుర్తుపెట్టుకుంటాయి. అందుకే రంగు వచ్చిన తర్వాత కూడా వారానికి రెండుసార్లు పూత రాయమని డాక్టర్లు చెప్తారు. "తగ్గింది గదా" అని మధ్యలో మానేయవద్దు. అలాగే బొల్లి ఉన్నవాళ్లు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది, కాపలాదారులు అక్కడా గురి తప్పే అవకాశం ఉంది.

8. కుష్ఠురోగానికీ దీనికీ తేడా

కుష్ఠురోగం బాక్టీరియా వల్ల వస్తుంది. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ దాన్ని గుర్తించారు. అందులో మచ్చ లేత రంగులో గాని, ఎర్రగా గాని ఉంటుంది, పూర్తిగా పాలతెలుపు కాదు. ముఖ్యంగా అక్కడ స్పర్శ తగ్గుతుంది, ఎందుకంటే ఆ బాక్టీరియా నరాలను దెబ్బతీస్తుంది. బొల్లి మచ్చలో స్పర్శ, వేడి, నొప్పి అన్నీ మామూలే. బొల్లిలో సూక్ష్మజీవి లేదు గనక ముట్టుకుంటే, కలిసి తింటే, ఒకే దువ్వెన వాడితే అంటదు.

ఇక్కడ నేనొక తప్పు చేయబోయి ఆగాను. అక్కతో "నీది కుష్ఠం కాదే, భయపడకు" అనబోయాను. అంటే కుష్ఠమైతే వెలి వేయవచ్చన్నమాటేనా? మన జిల్లాలోనే వరోరా దగ్గర ఆనందవనం ఉంది. కుష్ఠురోగులను ఊళ్లు తరిమేసిన కాలంలో, 1949లో బాబా ఆమ్టే మహారోగి సేవా సమితిని స్థాపించి, వాళ్ల చేతులతోనే ఆ నేలను సాగుచేయించారు. ఇప్పుడు కుష్ఠురోగానికి పూర్తిగా తగ్గించే మందులు ఉచితంగా దొరుకుతాయి. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే అది ఇతరులకు అంటదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కుష్ఠురోగం విడాకులకు ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తీసేసింది. చట్టం మారింది, మన నోటిమాట మారాలి. ఒకరి మచ్చను కడగడానికి ఇంకొకరి మీద మసి పూయకూడదు.

9. కల్లబొల్లి మాటలు, సూటి జవాబులు

"పాలు తాగి చేపలు తిన్నవా ఏంది?" చేపలు ముట్టని ఇళ్లలో కూడా బొల్లి ఉంది. దీనికి రుజువు లేదు.

"పులుపు మానేయాలె." చింతపండు, నిమ్మకాయ మానేస్తే మచ్చలు తగ్గుతాయనడానికి ఆధారం లేదు. పథ్యం పేరుతో ఆడపిల్లలు సరిగా తినక రక్తం తగ్గించుకుంటున్నారు.

"ఏదో పాపం చేసుంటది." సీడీ8 కణానికి పాపపుణ్యాలు తెలియవు. దానికి తెలిసింది ఒక ప్రొటీన్ ముఖమే.

"వారంలో మాయం చేస్తాం." గోడల మీద కనబడే ఇలాంటి ప్రకటనలను నమ్మవద్దు. రంగు కణం కుదురు నుంచి పైకి రావడానికే నెలలు పడుతుంది.

"ఎండకు పోతే ఏం కాదు." పోతే కాలుతుంది. మచ్చలో మెలనిన్ గొడుగు లేదు. మన ఊరి ఎండలో స్కార్ఫు, నిండు చేతుల జాకెట్, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

చివరగా

మైకేల్ జాక్సన్ తనకు బొల్లి ఉందని 1993లో టీవీలో చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన మరణం తర్వాత శవపరీక్షలో అది నిజమని తేలింది. ఆయన పోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ విటిలిగో దినంగా జరుపుతున్నారు. 2006లో మరాఠీలో సుమిత్రా భావే, సునీల్ సుక్తన్‌కర్ "నితళ్" అనే సినిమా తీశారు. అందులో కథానాయిక తెల్లమచ్చలున్న ఒక డాక్టర్. వీలుంటే చూడండి.

అక్క ఇప్పుడు చర్మ డాక్టరు దగ్గర కాంతి చికిత్స తీసుకుంటోంది. మోచేతి దగ్గర చుక్కలు మొలిచాయి. వేళ్ల మీద ఇంకా రాలేదు, రాకపోవచ్చు కూడా. ఈమధ్య ఇంకో సంబంధం వాళ్లు వచ్చి "చేతులకు ఏమైంది బిడ్డా?" అని అడిగారు. అక్క చేతులు కొంగులో దాచుకోలేదు. "బొల్లి అత్తమ్మా. అంటుకోదు. నా ఒంటి కాపలావాళ్లే తొందరపడిండ్రు" అన్నది. సంబంధం కుదిరిందా లేదా అన్నది ఇంకా తేలలేదు. కాని ఆ జవాబు కుదిరింది.

మననం కోసం ప్రశ్నలు

1. బొల్లి రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల వస్తుందా? కారణం చెప్పండి.
2. మచ్చ అంచు బయటికి జరగడంలో ఇంటర్‌ఫెరాన్ గామా, సీఎక్స్‌సీఎల్10 పాత్ర ఏమిటి?
3. వేలికొసల మీద రంగు తిరిగి రావడం ఎందుకు కష్టం?
4. "శ్వేత కుష్ఠం" అనే పేరు అర్థసంకోచానికి ఎలా ఉదాహరణ అవుతుంది? ఇలాంటివి మరో రెండు పదాలు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.